పదిహేడో అంశం

పిల్లలు ఆవిడను కత్తెరమ్మ అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం పట్టీలో తప్ప మరెక్కడా వినపడేది కాదు. పనిచేసేది విశ్వవిద్యాలయంలోని సలహాల విభాగంలో. ఏ ఏడాది ఏ సబ్జెక్టు తీసుకోవాలి, దేని తర్వాత దేనికి వెళ్ళాలి, డిగ్రీ చేతికి రావాలంటే ఇంకా ఏమేం మిగిలాయి అన్నది పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పడం అక్కడి ఉద్యోగం. వాళ్ళు ముచ్చటపడి రాసుకొచ్చిన జాబితా మీద ఆవిడ ఎర్ర పెన్ను పెట్టి, "ఇది కుదరదు, ఇది ఇప్పుడు కాదు, ఇది నీ వల్ల కాదు" అంటూ మూడు గీతలు కొట్టి తిరిగి చేతిలో పెట్టేది. ఆ పేరు తనదాకా వచ్చినప్పుడు ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసింది కూడా.

పుట్టుకతో ఎవరూ కత్తెరలు కారు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట వరండాలో నడుస్తూ ఒక కుర్రాడికి, "గణితం పేపర్లు రెండూ ఒకేసారి తీసుకో, ఏం పర్లేదు" అంది. వాడు రెండూ తప్పాడు. వాడి తండ్రి వచ్చి విభాగం హెడ్డు గదిలో బల్ల గుద్దాడు. మేడమ్ ఏమందో, కొడుకు ఏం విన్నాడో ఇద్దరివీ రెండు కథలు. హెడ్డు ఆవిడను పిలిచి అడిగింది ఒకటే ప్రశ్న: "రాతపూర్వకంగా ఏమైనా ఉందా?" ఆవిడ నీళ్ళు నమిలింది. మర్నాటికి మెమో చేతికొచ్చింది. ఆ రోజుతో ఆవిడ నోటికి తాళం పడింది, కాగితానికి కాళ్ళొచ్చాయి.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఆవిడ నెల రోజులు కూర్చుని, పిల్లలకు చెప్పవలసినవన్నీ ఒకే కాగితానికి రెండు వైపులా నలభై ఒక్క అంశాలుగా దట్టించింది. అక్షరాలు ఎంత చిన్నవంటే కళ్ళద్దాలున్నవాళ్ళు కూడా మొహం దగ్గరికి తెచ్చుకోవాలి. అడుగున ఒక గీత, దాని పైన ఒక వాక్యం: "పై విషయాలన్నీ నాకు చెప్పారు, నాకు అర్థమయ్యాయి." గీత మీద సంతకం. కింద కార్బను పెట్టి ఒక నకలు పిల్లల చేతికి, అసలు ఫైలుకి. మనిషికి పదకొండు నిమిషాలు. అందులో చెప్పేది తక్కువ, సంతకం పెట్టించేది ఎక్కువ. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళలో ఆవిడ మీద ఒక్క ఫిర్యాదు కూడా నిలబడలేదు. ఆ పిల్లల్లో ఎంతమంది దారి తప్పారన్నది వేరే లెక్క. అది ఆవిడ వేసుకోలేదు.

పక్క బల్ల 'చూసుకుందాం సారు'ది. గుండ్రటి మొహం, బల్ల మీద గాజు సీసాలో పిప్పరమెంట్లు. ఎవరొచ్చినా "రా తల్లీ, కూర్చో నాయనా" అనేవాడు. ఏది అడిగినా "ఏం కంగారు పడకు, చూసుకుందాం" అనేవాడు. ఆయన బల్ల ముందు వరస వరండా మలుపు దాకా ఉండేది, కత్తెరమ్మ ముందు కుర్చీలు ఖాళీగా ఉండేవి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, ఊరంతా ఆయనదే. కాకపోతే ఆయన పెన్ను మూత తీయగా చూసినవాళ్ళు లేరు. మాట ఖర్చు లేనిది కనక ధారాళంగా పంచేవాడు. కత్తెరమ్మకి ఆయనంటే ఒళ్ళు మంట. ఆయన తప్పు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నలుగురి ముందూ బయటపడితే చూడాలని ఏళ్ళ తరబడి కాచుకు కూర్చుంది.

ఒక ఏడాది, కొత్తవాళ్ళకి సలహాదారుని ఆఫీసే కేటాయించే మొదటి వారంలో, ఆవిడ ముందుకి ముప్పై ఒక్కేళ్ళ మనిషి వచ్చి కూర్చుంది. మిగతావాళ్ళు పద్దెనిమిదేళ్ళ వాళ్ళు కనక క్లాసంతా ఆమెను అక్కా అనేది. ఆస్పత్రిలో రక్తాలూ కఫాలూ పరీక్ష చేసే ల్యాబులో గాజు సామాను కడగడం ఆమె పని. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా గొట్టాలూ పళ్ళేలూ కడిగి, మరిగించి, ఆరబెట్టాలి. పదేళ్ళు ఆ పని చేసి, పళ్ళెంలో పెరిగిన సూక్ష్మజీవుల మరకను చూసి అది ఏ జబ్బో చెప్పగలిగేది. అక్కడి పెద్ద డాక్టరు ఒకరోజు, "డిగ్రీ తెచ్చుకో, మా టెక్నీషియను దిగిపోయేసరికి ఆ కుర్చీ నీదే. ముప్పై అయిదు దాటితే మాత్రం నా చేతుల్లో లేదు" అన్నాడు. నాలుగేళ్ళ డిగ్రీ, నాలుగేళ్ళే గడువు. ఒక్క ఏడాది అటూ ఇటూ అయినా అన్నీ పోయినట్టే. ఆ మాట పట్టుకుని ఆమె వచ్చి చేరింది.

కత్తెరమ్మ ఆమె దరఖాస్తు పైనుంచి కిందికి చూసింది.

"ముప్పై ఒకటా?"

"అవును మేడమ్."

"పని కూడా చేస్తున్నావా?"

"ఆస్పత్రిలో సీసాలు కడుగుతాను మేడమ్. పొద్దున పూట ఖాళీయే."

"చూడమ్మా, నేను మొహమాటం లేని మనిషిని. ఈ వయసులో, ఆ పని చేసుకుంటూ, ఇది నీ వల్ల అయ్యేది కాదు. ఇంకో పిల్లకి వచ్చే సీటు నువ్వు పట్టుకు కూర్చుంటావు. ఆలోచించుకో. ఇక్కడ సంతకం పెట్టు."

వెనక వరసలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మీద ఏముందో చదవడానికి కళ్ళు కనపడితే కదా. గీత ఎక్కడుందో వేలితో వెతుక్కుని సంతకం పెట్టి, నకలు మడిచి సంచిలో పడేసుకుని, లేచిపోయింది. పదకొండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండో ఏడు సలహాదారుని మార్చుకోవచ్చని తెలిసిన రోజునే చూసుకుందాం సారు వరసలోకి వెళ్ళి నిలబడింది. కత్తెరమ్మ ఆమెను ఆ సాయంత్రానికే మర్చిపోయింది.

సీసాలమ్మాయికి చదువు బాగానే ఒంటబట్టింది. సారు దగ్గర పిప్పరమెంటుకీ ధైర్యానికీ లోటు లేదు. మూడో ఏట ఒక చిక్కొచ్చింది. సూక్ష్మజీవుల ప్రాక్టికల్సు మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. అప్పుడామె ఆస్పత్రిలో ఉండాలి.

"సార్, ఇది వచ్చే ఏడాది తీసుకోవచ్చా? అప్పటికి షిఫ్టు మార్పించుకుంటాను."

"దానికేం భాగ్యం తల్లీ! వచ్చే ఏడాది చూసుకుందాం."

ఆ ప్రాక్టికల్సు ఏడాది విడిచి ఏడాది మాత్రమే జరుగుతాయి. చెప్పేది ఒకే ఒక్క మాస్టారు, ఆయన ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు పక్క కాలేజీలో. మూడో ఏట తప్పితే మళ్ళీ అయిదో ఏట. కత్తెరమ్మ నలభై ఒక్క అంశాల్లో అది పదిహేడోది. సారుకి అదీ తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు.

నాలుగో ఏడు మొదలైన రోజు సబ్జెక్టుల జాబితా గోడ మీద అంటించారు. సీసాలమ్మాయి దాన్ని మూడుసార్లు చదివింది. ఆస్పత్రిలో ఇద్దరి కాళ్ళా వేళ్ళా పడి షిఫ్టు మార్పించుకుని మరీ వచ్చింది పాపం. గోడ మీద ఆ సబ్జెక్టు లేదు. పరుగున సారు బల్ల దగ్గరికి వెళితే అక్కడ బల్లే లేదు, దాని చోట కొత్త ప్రింటరు ఉంది. సారు వేసవిలో రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో పిల్లలు ఏడ్చారట కూడా.

ఆయన ఇల్లు వెతుక్కుని వెళ్ళింది. సారు నవ్వుతూనే తలుపు తీశాడు, నవ్వుతూనే కూర్చోబెట్టాడు.

"సార్, వచ్చే ఏడాది తీసుకోవచ్చని మీరు చెప్పారని ఒక్క ముక్క రాసివ్వండి. చాలు."

"అయ్యో తల్లీ, తీసుకోవచ్చని నేనెక్కడ అన్నాను? చూసుకుందాం అన్నాను. చూసుకుందాం అంటే చూడాలి కదా మరి!" అని, ఆమె ఏదో హాస్యం చెప్పినట్టు భుజం తట్టి, పిప్పరమెంటు ఇచ్చి పంపాడు.

దిక్కులేక ఆమె కత్తెరమ్మ ముందుకే వచ్చింది. మొదటి ఏడు మీ దగ్గరికే వచ్చానని చెప్పలేదు. ఆ రోజు గుర్తు చేస్తే ఇంకేం అంటుందోనని భయం. కత్తెరమ్మకి ఆ మొహం ఎక్కడా తగల్లేదు. ఏడాదికి మూడు వందల మొహాలు, ఏది గుర్తుంటుంది! కానీ "చూసుకుందాం సారు" అన్న మాట చెవిన పడగానే నిటారుగా కూర్చుంది.

"ఆయనేమన్నాడు? సరిగ్గా చెప్పు."

చెప్పింది.

"కాగితం మీద ఏమైనా రాసిచ్చాడా?"

"లేదు మేడమ్."

"ఎందుకిస్తాడు!" కత్తెరమ్మ కళ్ళు మెరిశాయి. "చూడు, విన్నపాల కమిటీ ఉంది. ఫలానా సబ్జెక్టు ఏడాది విడిచి ఏడాదని నీకు ఎవరూ చెప్పలేదని తేలితే తప్పు మాది. అప్పుడు దాని బదులు ఇంకో ప్రాక్టికల్సు ఇచ్చి డిగ్రీ పూర్తి చేయిస్తారు. నేను చెప్తాను, నువ్వు రాయి. 'నేను చేరిన రోజు నుంచి ఈ రోజు వరకు ఏ సలహాదారూ ఈ విషయం నాకు నోటితో గాని రాతతో గాని చెప్పలేదు.' రాశావా? 'చేరిన రోజు నుంచి' కింద గీత గియ్యి."

సీసాలమ్మాయి గీత గీసింది. నిజంగానే ఎవరూ చెప్పలేదనుకుంది. ఆ మొదటి రోజు కాగితం ఆమె బుర్రలో లేదు, ఆ రోజు పడ్డ మాట ఒక్కటే ఉంది. "అవుతుందంటారా మేడమ్?" అని అడిగింది. "కాకపోతే నన్నడుగు" అంది కత్తెరమ్మ. పంతొమ్మిదేళ్ళలో కాగితం లేకుండా ఆవిడ ఇచ్చిన మొదటి మాట అదే. ఆ పిల్ల మీద జాలితో ఇచ్చిన మాట కాదది, సారు మీద కసితో ఇచ్చింది. ఆ సంగతి తెలియక సీసాలమ్మాయి రెండు చేతులూ జోడించింది.

విన్నపం వెళ్ళింది. కమిటీ ఫైలు పంపమంది. సారు వదిలేసి వెళ్ళిన ఫైళ్ళన్నీ కత్తెరమ్మ బీరువాలోకే వచ్చాయి కనక, గురువారం మధ్యాహ్నం భోజనం డబ్బా కడుక్కొచ్చి ఆ ఫైలు తీసింది. సారు ఉన్న రెండేళ్ళూ ఖాళీ. ఒక్క పొల్లు అక్షరం లేదు. ఆవిడకి పట్టపగ్గాల్లేని సంతోషం వేసింది. ఇంకో పేజీ తిప్పింది. తన చీటీ. రెండు వైపులా నలభై ఒక్క అంశాలు, కింద సంతకం, పక్కన తన సంతకం, మూడేళ్ళ కిందటి తేదీ.

 చీటీ ఫైల్లో ఉంటే ఆ అమ్మాయి అబద్ధం రాసినట్టు. చీటీ తీసేస్తే ఆ అమ్మాయికి డిగ్రీ వస్తుంది. కాగితం ఒకటి, చేతులు రెండు, గదిలో ఎవరూ లేరు. కానీ చీటీ తీసేస్తే మొదటి ఏటి పేజీలో సలహాదారు అన్నచోట తన పేరుండి, కింద ఏమీ ఉండదు. "విద్యార్థినికి విషయం తెలపలేదు" అని కమిటీ రాస్తే అది సారు నెత్తినే కాదు, తన నెత్తినా పడుతుంది. పంతొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ మెమో.

ఆ సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ, ఎవరో పక్క విభాగం ఆవిడ కథ అన్నట్టుగా మొగుడికి చెప్పింది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి, రోజంతా పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు.

"ఇంతకీ ఆ కాగితం ఆ పిల్ల చదివిందా?" అన్నాడు.

"సంతకం పెట్టింది కదండీ!"

"అది కాదు నేనడిగింది. మా బండిలో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది, ఎందుకంటావు? నేర్చుకునేవాడు గోడకి కొట్టబోతుంటే నేను తొక్కాలని. ముందే చెప్పాను, సంతకం పెట్టావుగా అని చేతులు కట్టుకు కూర్చుంటే ఇద్దరం పోతాం. మీ ఆఫీసులో నయం, పోయేది ఒక్కళ్ళే."

"మీకేం తెలుసు మా నియమాలు!" అని ఆవిడ కత్తిపీట గట్టిగా పక్కకి నెట్టింది. ఆయన పేపరు అందుకున్నాడు. పెళ్ళాంతో వాదించి నెగ్గినవాడు ఆయన ఎరికలో లేడు.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ చీటీని ఫైల్లో యథాస్థానంలో పెట్టి, పదిహేడో అంశం పక్కన చిన్న టిక్కు కూడా పెట్టింది, కమిటీవాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా. నియమం నియమమే అనుకుంది. నియమం కాదు, పాడూ కాదు. భయం, గొప్ప, రెండూ కలిసిన ముద్ద అది. నాకు అసలు మంటెత్తేది ఇంకొకటి. కమిటీ సోమవారం. మధ్యలో మూడు రోజులున్నాయి. సీసాలమ్మాయి ఫోను నంబరు ఫైలు అట్ట మీదే ఉంది. "అమ్మాయ్, చీటీ దొరికింది, ఆ వాక్యం మార్చి రాసుకో" అని ఒక్క మాట చెప్పి ఉంటే అబద్ధాలకోరన్న పేరైనా తప్పేది. చెప్పలేదు. చెప్పాలని తోచింది కూడా. అయినా చెప్పలేదు.

కమిటీ అంటే పొడుగాటి బల్ల, మూడు కుర్చీలు, ఒక నీళ్ళ జగ్గు. నడి కుర్చీలో హెడ్డు. సీసాలమ్మాయి ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పెద్ద డాక్టరు రాసిన ఉత్తరం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. ఆ కవరు ఎవరూ తెరవలేదు.

"ఇది నీ సంతకమేనా?"

ఆమె వంగి చూసింది. "నాదే సార్."

"పదిహేడో అంశం చదువు."

చదివింది. 

"మరి చేరిన రోజు నుంచి ఎవరూ చెప్పలేదని రాశావే? పైగా గీత కూడా గీశావు."

ఆమె తలెత్తి కత్తెరమ్మ వైపు చూసింది. కత్తెరమ్మ ఫైలు తాడు ముడి సరిచేస్తోంది.

"మేడమే అలా రాయమన్నారు సార్."

"రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

లేదు. ఉండదు. హెడ్డు పక్కకి తిరిగి, "ఏమ్మా, మీరు రాయించారా?" అన్నాడు.

కత్తెరమ్మకి ఆ ప్రశ్న తెలుసు, ఆ గదీ తెలుసు, నోట్లో ఊరే ఆ నీళ్ళూ తెలుసు. ఈసారి నమల్లేదు. "నియమం ఏమిటో చెప్పాను సార్. రాసింది ఆ అమ్మాయే" అంది.  అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. విన్నపం తిరస్కరించారు. అబద్ధం రాసినందుకు వేరే చర్య తీసుకోకుండా దయతలచి వదిలేస్తున్నట్టు కూడా రాశారు. సీసాలమ్మాయి బయటికెళ్ళాక హెడ్డు నీళ్ళు తాగి, "మీ చీటీ మన పరువు కాపాడిందమ్మా. ఇక మీదట అన్ని విభాగాల్లోనూ ఇదే వాడిద్దాం" అన్నాడు. అన్నట్టే అచ్చు వేయించారు. చూసుకుందాం సారు పేరు ఆ గదిలో ఒక్కసారి కూడా రాలేదు.

రెండు వారాలకి సీసాలమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇస్త్రీ బట్టలు కావు, పనికెళ్ళే బట్టలే. చేతులు మందునీళ్ళకి నాని తెల్లగా ఉన్నాయి.

"ప్రాక్టికల్సుకి పేరు రాయించుకుంటావా? వచ్చే ఏడు ఉంటాయి" అంది కత్తెరమ్మ, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"అవి పూర్తయ్యేసరికి నాకు ముప్పై ఆరు మేడమ్. చదువు మానేస్తున్నాను. ఆస్పత్రిలో పొద్దున్నించి పూర్తి షిఫ్టు వేస్తామన్నారు, మానేసినట్టు కాగితం కావాలట. మీ సంతకం ఉండాలిట."

కత్తెరమ్మ ఫారం తీసింది. పంతొమ్మిదేళ్ళుగా ఎన్నో నింపింది కనక చెయ్యి దానంతటదే సాగింది. పేరు, నంబరు, ఏడాది. నాలుగో గడి దగ్గర మాత్రం ఆగింది.

"నా మీద కోపం పెట్టుకోకమ్మా. నా ఉద్యోగం అలాంటిది."

సీసాలమ్మాయి తొందరపడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు మీరు నా వయసు గురించి అన్నాక నాకు ఏ అక్షరమూ కనపడలేదు మేడమ్. సంతకం ఎక్కడ పెట్టానో కూడా తెలీదు. మొన్న కమిటీలో చదువుతుంటేనే ఆ పదిహేడోది ఒకటుందని తెలిసింది. కోపం ఉంది మేడమ్. చచ్చేదాకా ఉంటుంది. కావాలంటే అది కూడా రాసుకోండి, కింద సంతకం పెడతాను."

కత్తెరమ్మ ఫారం మీదికి వంగింది.  వెనక వరసలో ఎవరో గడియారం చూసుకుంటున్నారు. నాలుగో గడిలో మానడానికి కారణం రాయాలి. అచ్చువేసి ఉన్న కారణాలు నాలుగే: అనారోగ్యం, పెళ్ళి, ఊరు మారడం, వ్యక్తిగతం. ఆవిడ నాలుగోదాని పక్కన టిక్కు పెట్టి, ఫారం అటు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.